మనం పట్టే చేపల సంఖ్య ఎందుకు ఊగిసలాడుతుంది: నా పీహెచ్‌డీ అనుభవం

పడుతూ పోతే చేపలు తగ్గుతాయన్నది అందరికీ తెలిసిందే. నేను పీహెచ్‌డీకి తీసుకున్న ప్రశ్న వేరు. ఒక జాతి ఒక ఏడాది విపరీతంగా పెరిగి, ఇంకో ఏడాది కనిపించకుండా పోతుంటే, ఆ ఊగిసలాటకు కారణం వేటా, లేక సముద్రమా?

సూటిగా జవాబు చెప్పడం ఎంత కష్టమో కాలిఫోర్నియా తీరంలోని సార్డీన్ అనే చిన్నచేప చూపిస్తుంది. 1940ల్లో అక్కడి సార్డీన్ పరిశ్రమ కుప్పకూలింది. తప్పంతా పడవలదే అనేయవచ్చు. కానీ శాంటా బార్బరా దగ్గర ఆక్సిజన్ దాదాపు లేని సముద్రపు అడుగు బురదలో చేపల పొలుసులు పొరలు పొరలుగా నిలిచి ఉన్నాయి. వాటిని లెక్కపెట్టిన శాస్త్రవేత్తలకు సుమారు 1,700 ఏళ్ల చరిత్ర దొరికింది. పెద్ద పడవలు పుట్టకముందు కూడా సార్డీన్లు పెరుగుతూ, పడిపోతూనే ఉన్నాయి. అంటే ఒక్క జాతిని పట్టుకుని కూర్చుంటే ఈ చిక్కు వీడదు.

శాస్త్రవేత్తలు చీ-హావ్ షియే, జార్జ్ సుగిహారా, వాళ్ల సహచరులు 2006లో నేచర్ పత్రికలో చూపించిన దారి నన్ను కట్టిపడేసింది. ఒకే నీళ్లలో, ఒకే వాతావరణంలో బతికే చేపల్లో వేటకు గురయ్యే జాతుల్ని, ఎవరూ పట్టని జాతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చారు. సముద్రం మార్పులు ఇద్దరికీ ఒకటే కాబట్టి, తేడా కనిపిస్తే అందులో వేట పాత్ర ఉండాలి. ఇంత సులువైన ఆలోచనకు యాభై ఏళ్ల డేటా కావాల్సి వచ్చింది. అది కాల్‌కోఫీ అనే కాలిఫోర్నియా సముద్ర సర్వే నుంచి వచ్చింది. సార్డీన్ దెబ్బ తర్వాత 1949లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న సర్వే అది. వాళ్లు పెద్ద చేపల్ని లెక్కపెట్టరు, ప్లాంక్టన్‌ను, అంటే నీళ్లలో కొట్టుకుపోయే చిన్నజీవుల్ని పట్టే వలలో పడే చేపల గుడ్లను, లార్వాలను (గుడ్డులోంచి వచ్చిన పిల్లలను) లెక్కపెడతారు. లార్వాలు ఎక్కువంటే గుడ్లు పెట్టే తల్లిచేపలు ఎక్కువని అర్థం. వేట లేని జాతికి మార్కెట్ లెక్కలు ఉండవు, కానీ దాని పిల్లలు కూడా ఆ వలలోనే పడతాయి. ఈ సర్వే విలువంతా అక్కడే ఉంది.

ఆ డేటా మీద నేను పని చేస్తానంటే మా గైడ్ మేడమ్ ఒక షరతు పెట్టారు. "అంకె ఎలా పుడుతుందో చూడకుండా అంకెల జోలికి వెళ్లొద్దు" అన్నారు. అలా సర్వే ఓడ ఎక్కాను.

ఓడ మీద పని మోటుగా ఉంటుంది. పక్కపక్కనే రెండు వలలుండే బాంగో నెట్‌ను 210 మీటర్ల లోతుకు దింపి, ఏటవాలుగా పైకి లాగుతారు. ఒక్కో వల నోరు 71 సెంటీమీటర్లు, కన్ను అర మిల్లీమీటరు. లాగుతున్నంతసేపూ తీగ 45 డిగ్రీల కోణంలో ఉండాలి. కోణం చూసి పైకి చెప్పడం నా డ్యూటీ. కోణం తప్పితే వల అన్ని లోతుల్లోనూ సమానంగా నీళ్లు వడకట్టదు, అందుకే ఆ కాసేపూ టెన్షనే. వల నోట్లో ఉండే ఫ్లోమీటర్ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుంటే ఎంత నీరు వడకట్టామో తెలుస్తుంది. దాన్నిబట్టి పది చదరపు మీటర్ల సముద్రం కింద ఇన్ని లార్వాలు అని లెక్క కడతారు. వల వేయాల్సిన చోటు, అంటే స్టేషన్, పగలు వస్తే పగలు, అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రి. పగటి వెలుతురులో లార్వాలు వలను చూసి తప్పుకుంటాయి. కాబట్టి ఏ గంటకు వల వేశామో రాయకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఒడ్డుకు వచ్చాక మైక్రోస్కోప్ ముందు నెలల తరబడి కూర్చున్నాను. సార్డీన్ లార్వాలు, ఆంకోవీ అనే మరో చిన్నచేప లార్వాలు రెండూ పారదర్శకంగా, సన్నగా, ఒకేలా ఉంటాయి. కాస్త ఎదిగిన పిల్లల్లో వెన్ను రెక్క ఎక్కడ ముగుస్తుందో, పాయువు వెనకున్న రెక్క ఎక్కడ మొదలవుతుందో చూడాలి. ఆ రెండూ ఒకదాని కిందికి ఒకటి వస్తే ఆంకోవీ, మధ్యలో ఎడం ఉంటే సార్డీన్. ఇంకా చిన్నవైతే నల్లచుక్కల వరస, కండరాల మడతల సంఖ్య, పేగు పొడవు. మొదట్లో ఒక్కో సీసాకు రోజు పట్టేది. తర్వాత కన్ను దానంతట అదే గుర్తుపట్టడం మొదలైంది. ఆ దశను నేను చాలా ప్రేమించాను.

ఎవరెవరు ఉన్నారో గుర్తుపట్టి లెక్కపెట్టడం ఎందుకంత ముఖ్యమో అదే సర్వేలోని జంతు ప్లాంక్టన్ కథ చెబుతుంది. 1951 నుంచి 1993 మధ్య దక్షిణ కాలిఫోర్నియా తీరంలో పెద్ద జంతు ప్లాంక్టన్ ఘనపరిమాణం 80 శాతం పడిపోయిందని 1995లో ఒక పరిశోధన వచ్చింది. నీళ్లు వేడెక్కి, లోతుల్లోని పోషకాలు పైకి రావడం తగ్గిందన్నది అందులోని వివరణ. తర్వాత ఇంకొందరు అవే పాత సీసాలు తెరిచి, జాతుల వారీగా లెక్కేశారు. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం సాల్ప్‌ల వంటి జీవులదని తేలింది. అవి దాదాపు నీళ్లతో నిండిన జిగురు శరీరాలు, సీసాలో చాలా చోటు ఆక్రమిస్తాయి. చేపపిల్లలకు ముఖ్య ఆహారమైన కోపిపాడ్‌లు అనే రొయ్యల జాతి చిన్నజీవుల్లో అలాంటి పతనం కనిపించలేదు. సీసాల్ని పారేయకుండా దశాబ్దాల పాటు దాచినవాళ్లకు దండం పెట్టాలి.

అసలు కష్టం డేటా ఫైళ్లు తెరిచాక మొదలైంది. యాభై ఏళ్లలో పద్ధతి మారకుండా ఉంటుందా? 1969లో పట్టు వల పోయి నైలాన్ వచ్చింది, అప్పుడే లోతు 140 మీటర్ల నుంచి 210కి పెరిగింది. 1978 నాటికి ఒకే గుండ్రటి నోరుండే రింగ్ నెట్ స్థానంలో బాంగో వచ్చింది. రింగ్ నెట్‌కు నోటి ముందు తీగలుంటాయి, వాటి కదలికకు లార్వాలు బెదిరి తప్పుకునేవి. మధ్యలో కొన్నేళ్లు సర్వే మూడేళ్లకోసారే జరిగింది. వల మారినప్పుడు వచ్చే గెంతును చేపల గెంతు అనుకుంటే థీసిస్ మొత్తం గాల్లో కలిసిపోతుంది. నా సమయంలో సింహభాగం ఈ అతుకుల దగ్గరే గడిచింది. ఒక్కో కాలాన్ని విడిగా లెక్కకట్టి, తర్వాత కలిపి, ఫలితం రెండు విధాలా నిలబడితేనే నమ్మాను.

తర్వాత పోలిక. సగటుతో పోలిస్తే ఏటేటా సంఖ్య ఎంత ఊగుతోందన్నదే కొలత. అయితే త్వరగా ఈడుకొచ్చే చిన్నచేప సహజంగానే ఎక్కువ ఊగుతుంది. అందుకని ఈడుకొచ్చే వయసు, గుడ్ల సంఖ్య, ఏం తింటుంది, ఏ జాతికి ఏది చుట్టం అన్నవన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పేపర్ పంపితే రివ్యూయర్లలో ఒకరు గట్టి ప్రశ్న వేశారు: మనం పట్టే చేపలు తీరానికి దగ్గరగా ఉంటాయి, అక్కడి నీళ్లే ఎక్కువ మారతాయేమో? న్యాయమైన ప్రశ్న. నడిసముద్రంలో ఉండే లాంటర్న్ ఫిష్ వంటి వాటిని పక్కనపెట్టి, తీరప్రాంత జాతుల్నే మళ్లీ పోల్చాను. తేడా కాస్త చిన్నదైంది, కానీ పోలేదు. 2006 నాటి ఫలితం చెప్పిన దిశలోనే నా లెక్కా నిలిచింది. వేటకు గురయ్యే జాతులే ఎక్కువ ఊగుతున్నాయి.

ఎందుకు? వల ముందుగా పెద్దవాటిని, అంటే ముసలివాటిని తీసేస్తుంది. పెద్ద వయసు తల్లులు తగ్గితే సంఖ్య ఒక్కటే కాదు, పిల్లల నాణ్యత కూడా పోతుంది. బ్లాక్ రాక్‌ఫిష్ అనే చేప మీద 2004లో వచ్చిన ప్రయోగాల్లో ముసలి తల్లుల లార్వాలు చిన్న తల్లుల లార్వాల కంటే మూడు రెట్లకు పైగా వేగంగా ఎదిగాయి, తిండి లేకుండా రెండు రెట్లకు పైగా ఎక్కువ కాలం బతికాయి. పైగా రకరకాల వయసుల తల్లులు ఒకే సమయంలో పిల్లల్ని వదలవు. విత్తనాలన్నీ ఒకేసారి చల్లకుండా విడతలుగా చల్లే రైతులాగా, ప్లాంక్టన్ విరివిగా పెరిగే వారాన్ని ఏదో ఒక విడత అందుకుంటుంది. చిన్నవయసు తల్లులే మిగిలితే అంతా ఒక్క విడత మీదే ఆధారపడుతుంది. ఆ ఏడాది ప్లాంక్టన్ ఆలస్యమైతే తరం మొత్తం పోతుంది. 2008లో షియే, సుగిహారా బృందం నుంచి వచ్చిన ఇంకో పరిశోధన మరో సంగతి చెప్పింది: చిన్న చేపలే మిగిలిన జనాభాలో పెరుగుదల రేటే మారిపోయి, లోపల్నుంచే అస్థిరత పుడుతుందని.

వైవాలో ఎగ్జామినర్ సూటిగా అడిగారు: "మరి మత్స్యశాఖలు దేన్ని కొలవాలి?" ఎన్ని టన్నులు పట్టారన్న లెక్కతో ఆగకూడదన్నాను. ఒడ్డుకొచ్చిన చేపల చెవిరాళ్లను, అంటే చెవి లోపల ఉండే చిన్న గట్టి రాళ్లను కోసి, వయసు వలయాలు చదివి, ముసలి చేపల వాటా ఏటేటా ఎంతుందో కూడా ప్రకటించాలి. టన్నులు తగ్గకముందే ఆ వాటా తగ్గడం కనిపించవచ్చు. ఆయన తలూపి, "అది ఎన్నేళ్ల ముందు కనిపిస్తుంది?" అన్నారు. ఇప్పుడు నేను చెవిరాళ్ల ల్యాబ్‌లో ఆ ప్రశ్న మీదే పని చేస్తున్నాను.