అడ్మిన్ రైట్స్ ఇచ్చాక వెనక్కి తీసుకోవడం: నా అనుభవం

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. దానికి ముందు వారమంతా మా టీమ్‌లో ముగ్గురం కూర్చుని లాప్‌టాప్‌లలో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) వేసి, ఒక్కొక్కరికీ ఇచ్చి ఇళ్లకు పంపాం. అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీకి డెస్క్‌టాప్ సపోర్ట్ చూసేవాణ్ణి. వీపీఎన్ పనిచేస్తే చాలు, మిగతాదంతా ఆఫీసులో ఉన్నట్టే అనుకున్నాం. ఇంట్లో ప్రింటర్లు, స్కానర్లు వేరే ఉంటాయన్న ఆలోచనే మాకు రాలేదు.

నెలాఖరులో జీతాల లెక్కలు చూసే మేడమ్ తెనాలి నుంచి ఫోన్ చేశారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దావిడ, నన్ను బాబూ అనే పిలుస్తారు.

"బాబూ, సంతకాలు పెట్టిన కాగితాలు స్కాన్ చేసి బ్యాంకుకి పంపాలి. మా అబ్బాయి ప్రింటరు ఉంది. సెటప్ నొక్కితే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం కొట్టమంటావు?"

చెప్పడానికి నా దగ్గర పాస్‌వర్డ్ ఉంది. కానీ అన్ని లాప్‌టాప్‌లనూ ఒకే ఇమేజ్ (అన్నీ వేసి సిద్ధం చేసుకున్న విండోస్ నకలు) నుంచి తయారుచేశాం కాబట్టి లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అన్నిట్లోనూ ఒకటే. ఒకరికి చెబితే అందరి లాప్‌టాప్‌ల తాళంచెవి చేతిలో పెట్టినట్టు. పోనీ నేనే రిమోట్‌లో వెళ్లి కొడదామంటే, పాస్‌వర్డ్ అడిగే ఆ బాక్సు రాగానే నా వైపు స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఆ బాక్సును విండోస్ మామూలు డెస్క్‌టాప్ మీద కాకుండా విడిగా సెక్యూర్ డెస్క్‌టాప్ మీద చూపిస్తుంది, వేరే ప్రోగ్రాములేవీ దానిమీద దొంగతనంగా 'ఎస్' నొక్కకుండా. మంచి ఏర్పాటే. ఆ పూట మాత్రం బాక్సు మేడమ్‌కి కనిపిస్తోంది, నాకు కనిపించదు.

చివరికి వీపీఎన్ మీదుగా ఆవిడ లాప్‌టాప్‌లోని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఆవిడ అకౌంట్ చేర్చాను. ఆ గ్రూపులో ఉన్నవాళ్లు ఆ లాప్‌టాప్‌లో ఏదైనా ఇన్‌స్టాల్ చేసుకోగలరు, అడ్మిన్ రైట్స్ అంటే అదే. "ఇప్పుడు నొక్కండి మేడమ్." "ఇంకా అడుగుతోంది బాబూ." టైమ్ చూస్తే బ్యాంకు మూసే వేళ దగ్గరపడుతోంది, నాకు టెన్షన్. కాసేపటికి తట్టింది. లాగిన్ అయ్యేటప్పుడే విండోస్ ఆ మనిషి ఏయే గ్రూపుల్లో ఉన్నారో ఒక టోకెన్‌లో రాసి ఇస్తుంది. తర్వాత గ్రూపులో చేర్చినా, చేతిలో ఉన్నది పాత టోకెనే. సైన్ అవుట్ చేసి మళ్లీ రమ్మన్నాను. ప్రింటర్ ఎక్కింది, స్కాన్ అయింది, అందరి జీతాలూ టైమ్‌కి పడ్డాయి. ఆ రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

సాయంత్రం ఆవిడ పేరు గ్రూపులోంచి తీసేద్దామని చూస్తే లాప్‌టాప్ వీపీఎన్‌లో లేదు. రేపు తీద్దాంలే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నుంచీ ఫోన్లే. ఒకరికి ప్రింటర్, ఒకరికి స్కానర్, ఒకరికి యూఎస్‌బీ వైఫై. హెడ్‌సెట్లు, వెబ్‌క్యామ్‌లు చాలావరకు తగిలించగానే పనిచేసేవి, విండోస్‌లో ఉన్న డ్రైవర్లే (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వాటికి సరిపోతాయి. కంపెనీ సెటప్ ఫైలుతో వచ్చే ప్రింటర్లే అసలు బాధ. అడిగినవాళ్లకల్లా గ్రూపులో చేర్చుకుంటూ పోయాను. ఇచ్చిన టైమ్ రాసుకున్నాను. తీసిన టైమ్ గడి చాలామందికి ఖాళీగానే ఉండిపోయింది.

మూడు వారాల తర్వాత ఒక లాప్‌టాప్ బాగా స్లో అయిందని కంప్లయింట్. చూస్తే పిల్లల గేములు, ఎక్కడో ఉచితంగా దొరికిన పీడీఎఫ్ కన్వర్టరు, దానితోపాటు వచ్చి బ్రౌజర్‌ని మార్చేసిన ఇంకేదో. వాటికంటే నన్ను భయపెట్టింది, అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో నేను చేర్చని ఒక కొత్త లోకల్ అకౌంట్. ఇంట్లో అబ్బాయి తన గేమ్ కోసం చేసుకున్నాడట. నేను ఉద్యోగి పేరు తీసేసినా ఆ అకౌంట్ అలాగే ఉండేది. తప్పు ఆ పిల్లాడిది కాదు, తలుపు తీసి వదిలేసింది నేను. మా మేనేజర్ గారికి అదే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "హక్కు ఇచ్చేటప్పుడే అది పోయే టైమ్ కూడా పెట్టేలా ఏదైనా చెయ్యి" అన్నారు.

నా పని అక్కడ మొదలైంది. ఆఫీసు నుంచి నేను తీయాలంటే లాప్‌టాప్ వీపీఎన్‌లో ఉండాలి, ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి తీసే పని లాప్‌టాపే చేసుకోవాలి. పేరు చేర్చే స్క్రిప్టులోనే, చెప్పిన టైమ్‌కి పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక టాస్క్ కూడా పెట్టాను. రెండు గంటల తర్వాత విండోస్ సొంత సిస్టమ్ అకౌంట్ కింద అది నడిచి పేరు తీసేస్తుంది. ఆ టైమ్‌కి లాప్‌టాప్ ఆపేసి ఉంటే? తప్పిపోయిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపమనే ఆప్షన్ ఒకటి ఉంది, అది టిక్ చేసి ఉండాలి. మొదటి నాలుగైదు లాప్‌టాప్‌లకు నేను అది మర్చిపోయాను.

అంతా సరిపోయిందనుకున్నాక ఒకాయన దగ్గర పరీక్షించాను. టాస్క్ నడిచింది, గ్రూపులో పేరు లేదు. అయినా సెటప్ ఫైలు నొక్కితే హాయిగా ఇన్‌స్టాల్ అవుతోంది! మళ్లీ టోకెనే. హక్కు ఇచ్చినప్పుడు ఎలా వెంటనే రాలేదో, తీసినప్పుడూ అలాగే వెంటనే పోదు. సైన్ అవుట్ అయ్యేదాకా పాత టోకెన్ చెల్లుతుంది. ఇళ్లలో ఎవరూ సైన్ అవుట్ చేయరు, మూత వేసి తీస్తుంటారంతే. అంటే రెండు గంటలకని ఇచ్చింది రెండు వారాలు ఉండొచ్చు.

అందుకని పేరు తీసిన వెంటనే పది నిమిషాల గడువుతో మెసేజ్ చూపించి రీస్టార్ట్ చేయించాను. షట్‌డౌన్ కమాండ్‌కి గడువు పెడితే, గడువు అయ్యాక తెరిచి ఉన్న ప్రోగ్రాములను బలవంతంగా మూసేస్తుందని తెలిసి కూడా నేను దాన్ని పట్టించుకోలేదు. తెనాలి మేడమ్ ఫోన్‌లో మాట్లాడుతూ మెసేజ్ చూడలేదు. సేవ్ చేయని ఎక్సెల్ పోయింది, అరపూట పని. ఆవిడ ఒక్క మాట అనలేదు గానీ గొంతులో అలసట వినపడింది. ఆ రాత్రే స్క్రిప్టు మార్చాను. రీస్టార్ట్ ఎప్పుడో నేను నిర్ణయించడం మానేసి, ఇచ్చేముందే వాళ్లను అడిగేవాణ్ణి. చాలామంది భోజనం టైమ్ చెప్పేవాళ్లు.

ఇంకో లొసుగు మిగిలింది. అడ్మిన్‌గా ఉన్నవాళ్లు కావాలనుకుంటే ఆ టాస్క్‌నే తీసేయగలరు. దానికి పూర్తి మందు నా దగ్గర లేదు, మర్నాడు చూసుకోవడమే. విండోస్ రాసుకునే సెక్యూరిటీ లాగ్‌లో, ఎవరైనా గ్రూపులో చేరితే 4732, తీసేస్తే 4733, కొత్త అకౌంట్ పుడితే 4720 నంబర్ ఈవెంట్లు పడతాయి. 4732 ఉండి 4733 లేకపోయినా, మధ్యలో 4720 కనిపించినా ఆ లాప్‌టాప్ వీపీఎన్‌కి రాగానే వెళ్లి చూసేవాణ్ణి. దాంతోపాటు గ్రూపు పాలసీలో (ఆఫీసు నుంచి అన్ని లాప్‌టాప్‌లకూ వెళ్లే సెట్టింగులు) అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఎవరుండాలో రాసిపెట్టాం, మిగతా పేర్లను అదే తుడిచేస్తుంది.

ఎక్కువమంది ఇళ్లలో కనిపించిన ప్రింటర్లకు వేరే దారి దొరికింది. డ్రైవర్‌ను ముందే పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ కమాండ్‌తో లాప్‌టాప్ డ్రైవర్ స్టోర్‌లో (విండోస్ డ్రైవర్లు దాచుకునే చోటు) వేసి పెడితే, ప్రింటర్ తగిలించగానే అడ్మిన్ రైట్స్ లేని స్టాండర్డ్ యూజర్‌కి కూడా ఎక్కుతుంది. ఏ హక్కూ ఇవ్వక్కర్లేదు. నన్నడిగితే మొదట ప్రయత్నించాల్సింది ఇదే. నేను చివర్లో కనుక్కున్నాను.

కొన్నాళ్లకు మైక్రోసాఫ్ట్ వారి లాప్స్ (లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌లను తానే మార్చి దాచే టూల్) పెట్టాం. అది 2015 నుంచీ ఉన్నదే, ఉచితం. ప్రతి లాప్‌టాప్‌కీ వేరే పాస్‌వర్డ్, మామూలుగా 14 అక్షరాలు, 30 రోజులకోసారి మారుతుంది. ఒకరికి చెప్పినా రెండో లాప్‌టాప్‌లో పనిచేయదు, వాడాక గడువు ముగించేస్తే మారిపోతుంది. మారాలంటే లాప్‌టాప్ ఆఫీసు డొమైన్ సర్వర్‌ని అందుకోవాలి కాబట్టి, "పని అయ్యాక కాసేపు వీపీఎన్ ఆపకండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాణ్ణి. ఫోన్‌లో చెప్పడం మాత్రం కష్టం. అంకె సున్నానా, అక్షరం ఓ నా? చిన్న ఎల్‌నా, ఒకటా? నేను ఒక్కో అక్షరం చెప్పడం, వాళ్లు తిరిగి చదవడం.

2021లో తెనాలి మేడమ్ కొత్త ప్రింటరు కొన్నారు. మేము డ్రైవర్ స్టోర్‌లో వేసిన వాటిలో ఆ మోడల్ లేదు, పాత పద్ధతే వాడాలి. నేను నోరు తెరిచేలోపే ఆవిడే అడిగారు.

"బాబూ, ఈసారి రీస్టార్ట్ ఒంటిగంటకి పెట్టు. అన్నీ సేవ్ చేసి భోజనానికి లేస్తాను."

ఒంటిగంటకే పెట్టాను. మధ్యాహ్నం లాగ్ తెరిచి చూస్తే 4733 పడి ఉంది.