డైనింగ్ కుర్చీల సీట్లు: రెండు పూర్తి, నాలుగు మిగిలాయి

మా ఆరు టేకు కుర్చీల్లో రెండింటికి కొత్త సీట్లు వేయడం పూర్తయింది. సోఫా పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇలాంటి కుర్చీలతోనే మొదలుపెట్టడం మంచిది. అడుగున నాలుగు మూలల్లో స్క్రూలు విప్పితే సీటు పలక మొత్తం చేతికొచ్చేస్తుంది. కుట్టుమిషన్ అక్కర్లేదు.

ఎక్కువ ఓపిక కావాల్సింది గుడ్డను పలకకు పట్టి ఉంచే పాత స్టేప్లర్ పిన్నులు తీయడానికి. మాది వైజాగ్ పెదవాల్తేరు, సముద్రపు గాలి నేరుగా ఇంట్లోకే వస్తుంది. ఆ ఉప్పు గాలికి మామూలు పిన్నులు తుప్పుపట్టి గుడ్డ మీద ఎర్రటి మరకలు దించుతాయి. చిన్న స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపితే చాలావాటికి తల ఊడిపోయి, కాళ్లు చెక్కలోనే ఉండిపోతాయి. వాటిని నోస్ ప్లయర్‌తో పట్టుకుని కాస్త తిప్పుతూ లాగాలి. అప్పటికీ రాకపోతే సుత్తితో లోపలికి కొట్టేయడమే. ముక్కలు ఎటు ఎగురుతాయో తెలియదు కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. కొత్తగా స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు వేస్తున్నాను. ధర ఎక్కువే, కానీ వైజాగ్‌లో వీటి దగ్గర పొదుపు చూసుకోకూడదు. మా సీటు పలక 12 మి.మీ. ప్లైవుడ్ కాబట్టి 8 మి.మీ. పిన్ను సరిపోయింది.

ఫోమ్ 2 అంగుళాల మందం, 40 డెన్సిటీ. అంటే ఘనపు మీటరుకు 40 కిలోలు. డెన్సిటీ ఎక్కువైతే త్వరగా కుంగదు. అది గట్టిగా ఉంటుందా, మెత్తగా ఉంటుందా అన్నది మాత్రం కొట్లో నొక్కి చూసుకోవాల్సిందే. రెక్సిన్ తుడుచుకోవడానికి హాయిగా ఉన్నా మే నెల ఉక్కలో ఒంటికి అతుక్కుంటుంది. అందుకే మందపాటి కాటన్ మిక్స్ తీసుకున్నాను. చుట్టూ 4 అంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించాలి.

గుడ్డ బిగించేటప్పుడు ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో పిన్ను. అప్పుడు సీటు తిప్పి, డిజైన్ గీతలు వంకర పోలేదని చూసుకుని, మధ్య నుంచి మూలల వైపు కొట్టుకుంటూ వెళ్లాలి. మూల దగ్గర రెండు అంగుళాలు వదిలేయాలి. కంచరపాలెంలో సోఫాలు బాగుచేసే మేస్త్రి ఒకాయన చూపించిన పద్ధతి ఇది. "గట్టిగా లాగకమ్మా, గుడ్డని సర్దు" అన్నారు. నిజమే, ఎక్కువ లాగితే సీటు అంచున ఫోమ్ నలిగి గుంటలు పడుతుంది. మూలలో గుడ్డ కొసను లోపలికి లాగి ఒక పిన్ను కొట్టి, అటూ ఇటూ మిగిలినదాన్ని చీర కుచ్చిళ్లలా సన్నగా మడవాలి. మడత కింద మిగిలిన గుడ్డను ముందే కత్తిరించేస్తే ఎత్తుగా కనిపించదు. స్క్రూ రంధ్రాల మీద గుడ్డ పడకుండా చూసుకోవాలి.

అడుగున ప్లాస్టిక్ షీటు వేయొద్దు, తేమ లోపలే నిలిచిపోతుంది. గాలి ఆడే పల్చటి నల్ల గుడ్డ చాలు.

ఈ నాలుగు కూడా అయ్యాక సింగిల్ సోఫా పట్టుకుంటాను. దాని సీటు కింద నవారు వదులైపోయింది, మొత్తం మార్చాలి.