పెళ్లి వీడియోల గదికి డిస్కులు కొనే ముందు వేసుకున్న లెక్క

విజయవాడలో నా ఎడిటింగ్ గది పది అడుగుల వెడల్పు కూడా ఉండదు. అందులో ఒక కంప్యూటరు, రెండు తెరలు, నేను. మాఘమాసపు ముహూర్తాలు ముగిసేసరికి పాత 4 టీబీ డిస్కు నిండిపోయింది, ఎడిటింగులో ముక్కలను వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీద దృశ్యం ఆగి ఆగి నడవసాగింది, కెమెరా కార్డులు ఖాళీ చేయడానికి స్థలం వెతుక్కోవలసి వచ్చింది. ఈ మూడింటికీ కారణం డిస్కేనని తీర్మానించుకుని, ఉన్నవాటిలోకెల్లా వేగవంతమైన ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పుల మీద రాసే డిస్కు, కొనడానికి సిద్ధపడ్డాను. కొనే ముందు ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేసుకోవడం వల్ల ఆ డబ్బు వేరే చోట ఖర్చయింది.

మా కెమెరాలు 4కే దృశ్యాన్ని సెకనుకు 140 మెగాబిట్ల చొప్పున రాస్తాయి. ఎనిమిదితో భాగిస్తే అది సెకనుకు 17.5 ఎంబీ, గంటకు 63 జీబీ. స్నాతకం నుంచి అప్పగింతల దాకా మూడు కెమెరాలూ కలిసి పదిహేను గంటల ఫుటేజీ తెస్తే ఒక్క పెళ్లికి 945 జీబీ అవుతుంది. పాట ఎంపిక చేయడానికే రెండు నెలలు తీసుకునే కుటుంబాలు ఉంటాయి కాబట్టి, ఏ సమయంలో చూసినా ఏడెనిమిది పెళ్లిళ్లు నా దగ్గర పూర్తికాకుండా ఉంటాయి. అంటే నాకు కావలసిన స్థలం ఎనిమిది టీబీలకు తగ్గదు. డబ్బా మీద 12 టీబీ అని ఉన్న డిస్కును విండోస్ 10.9గా చూపిస్తుంది, ఎందుకంటే తయారీదారులు వెయ్యితో గుణిస్తారు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. ఈ తేడాను ముందే తీసివేసి చూసుకోకపోతే కొన్న రోజే ఒక పెళ్లికి సరిపడా చోటు మాయమైనట్టు అనిపిస్తుంది.

స్థలం లెక్క తేలింది గానీ వేగం లెక్క నన్ను ఆశ్చర్యపరిచింది. మూడు కెమెరాల దృశ్యాలను పక్కపక్కన పెట్టి నడిపించినా సెకనుకు 52 ఎంబీ చదివితే చాలు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే మామూలు హార్డ్ డిస్కు, ఖాళీగా ఉన్నప్పుడు, సెకనుకు 200 ఎంబీకి పైగా వరుసగా చదవగలదు. డిస్కు నిండే కొద్దీ, రాత లోపలి వలయాలకు చేరే కొద్దీ, ఆ వేగం దాదాపు సగానికి పడిపోతుంది, అయినా 52 కన్నా ఎక్కువే. మరి నా టైమ్‌లైన్ ఎందుకు ఆగుతోంది? టాస్క్ మేనేజర్ తెరిచి, దృశ్యాన్ని నడిపిస్తూ గమనించాను. డిస్కు పావు వంతు కూడా పని చేయడం లేదు, ప్రాసెసరు మాత్రం నూరు శాతం దగ్గర ఆయాసపడుతోంది.

కారణం తరువాత అర్థమైంది. కెమెరా తన ఫైలును చిన్నది చేయడానికి ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు, ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, దాని వెనుక వచ్చేవాటిలో మార్పులను మాత్రమే నమోదు చేస్తుంది. మనం మధ్యలో ఎక్కడో క్లిక్ చేసినప్పుడు ఆ ఒక్క ఫ్రేమును చూపించడానికి కంప్యూటరు అంతకు ముందున్న పూర్తి ఫ్రేము దగ్గర మొదలుపెట్టి మధ్యలోవాటిని విప్పుకుంటూ రావాలి. పైగా రంగుల వివరం ఎక్కువగా దాచే 10 బిట్ 4:2:2 రకపు ఫైళ్లను అనేక గ్రాఫిక్స్ కార్డులు స్వయంగా విప్పలేక ఆ భారాన్ని ప్రాసెసరు మీదకు నెట్టేస్తాయి. నేను సెకనుకు 7000 ఎంబీ చదివే ఎస్ఎస్‌డీ కొని ఉన్నా ఈ ఆయాసం తీరేది కాదు. మందు ప్రాక్సీలే. ఎడిటింగ్ కోసం 1080పీ పరిమాణంలో, ప్రతి ఫ్రేమూ విడిగా ఉండే తేలిక ప్రతులను రాత్రిపూట తయారు చేసుకుంటున్నాను. గంట ఫుటేజీకి అవి సుమారు 17 జీబీ తీసుకుంటాయి, పదిహేను గంటలకు 255 జీబీ. అసలు ఫైళ్లు చివరి రంగుల దిద్దుబాటుకూ రెండర్‌కూ, అంటే తుది వీడియోను తయారు చేయడానికీ, మాత్రమే కావాలి.

ఈ లెక్కతో నా కొనుగోలు రెండు ముక్కలైంది. ప్రస్తుతం చేతిలో ఉన్న పెళ్లి ప్రాక్సీలు, రెండర్ క్యాషీ (సాఫ్ట్‌వేరు పని మధ్యలో దాచుకునే తాత్కాలిక ఫైళ్లు), ప్రాజెక్టు ఫైళ్లు ఉండటానికి నేరుగా మదర్‌బోర్డులో బిగించే వేగవంతమైన ఎన్‌వీఎంఈ రకం 2 టీబీ ఎస్ఎస్‌డీ ఒకటి. అసలు ఫుటేజీ అంతా ఉండటానికి 12 టీబీ హార్డ్ డిస్కు. వేలికొనంత చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఉండే క్యాషీకి ఎస్ఎస్‌డీ నిజంగా అవసరం, ఎందుకంటే హార్డ్ డిస్కు ముల్లు ఒక చోటి నుంచి మరొక చోటికి జరగడానికే ప్రతిసారీ పది మిల్లీసెకన్ల చొప్పున పోతాయి. పెద్ద ఫైలును మొదటి నుంచి చివరికి చదివే పనికి ఆ ఇబ్బంది లేదు. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ క్యాషీని మనకు చెప్పకుండానే సీ డ్రైవులో పెట్టుకుంటాయి, సెట్టింగులలోకి వెళ్లి దాని చోటు మార్చడం మరిచిపోతే కొత్త ఎస్ఎస్‌డీ ఊరికే కూర్చుంటుంది.

ఎస్ఎస్‌డీ ఎంపికలో ఒకసారి దెబ్బ తిన్నాను. చౌకగా వచ్చిందని ముందు కొన్న ఒక డ్రైవు మొదటి కొన్ని నిమిషాలు గొప్ప వేగంతో రాసి, ఆ తరువాత సెకనుకు 80 ఎంబీకి దిగిపోయింది. అది చెడిపోయిందని దుకాణానికి తీసుకెళ్తే, "సార్, ఇది బాగానే ఉంది, మీరే ఎక్కువ కాపీ చేస్తున్నారు" అని ఆ కుర్రవాడు చెప్పాడు. నవ్వు వచ్చింది గానీ అతను చెప్పింది నిజమే. ఒక్కో కణంలో నాలుగు బిట్లు ఇరికించే క్యూఎల్‌సీ రకం డ్రైవులు తమలో కొంత భాగాన్ని వేగవంతమైన క్యాషీలా వాడుకుంటాయి, అది నిండితే అసలు రంగు బయటపడుతుంది. ఆఫీసు పనికి అది ఎన్నడూ తెలియదు, ఒక్క దమ్మున 400 జీబీ దించే మాకు మొదటి రోజే తెలుస్తుంది. ఈసారి కణానికి మూడు బిట్లే ఉండే టీఎల్‌సీ రకం తీసుకున్నాను. హార్డ్ డిస్కులోనూ ఇటువంటి మెలిక ఉంది. వలయాలను ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పేర్చి రాసే ఎస్ఎంఆర్ రకం, ఉన్నదాన్ని చెరిపి మళ్లీ రాయవలసి వచ్చినప్పుడు నత్తనడక నడుస్తుంది. కనుక వలయాలను విడివిడిగా రాసే రకం, సీఎంఆర్ అని సమాచార పత్రంలో స్పష్టంగా రాసి ఉన్నదే అడిగి తీసుకున్నాను.

కొత్త ఎస్ఎస్‌డీని మదర్‌బోర్డులోని రెండో స్లాటులో బిగించగానే హార్డ్ డిస్కు కనబడకుండా పోయింది. సగం రోజు కేబుళ్లు మార్చి మార్చి, డిస్కు పోయిందనే నిర్ధారణకు వచ్చాక మాన్యువల్ తిరగేశాను. ఆ స్లాటు వాడితే హార్డ్ డిస్కుల తీగలు తగిలించే సాటా పోర్టులు రెండు పనిచేయవని అందులో చిన్న అక్షరాలలో ఉంది. కేబులును పక్క పోర్టుకు మార్చగానే అన్నీ తిరిగి వచ్చాయి.

మిత్రులు కొందరు నాస్ పెట్టె, అంటే నెట్‌వర్కు తీగ ద్వారా అందరూ వాడుకునే డిస్కుల పెట్టె, కొనమన్నారు. పక్క గదిలో మరొక ఎడిటర్ ఉంటే తప్పకుండా కొనేవాణ్ణి. ఒంటరిగా పనిచేసేవాడు మామూలు గిగాబిట్ తీగ గుండా సెకనుకు 110 ఎంబీకి తన వేగాన్ని తానే కట్టేసుకోవడం, ఇంకొక యంత్రానికి కరెంటు, నిర్వహణ భరించడం నాకు సబబుగా తోచలేదు. రాసినదంతా ఏకకాలంలో రెండు డిస్కుల మీదా రాసే రెయిడ్ 1 కూడా వద్దనుకున్నాను. ఒక డిస్కు చెడితే అది కాపాడుతుంది, నిజమే. కానీ నిద్రమత్తులో నేను ఒక ఫోల్డరును చెరిపేస్తే అదే క్షణంలో రెండో డిస్కులోనూ చెరిపేస్తుంది. నా అనుభవంలో డిస్కుల తప్పుల కన్నా నా తప్పులే ఎక్కువ. అందుకని రెండో 12 టీబీ డిస్కును బయటి పెట్టెలో పెట్టి, రోజూ రాత్రి కొత్తగా వచ్చినవి మాత్రమే కాపీ అయ్యేలా, చెరిపినవి అక్కడ చెరగకుండా ఉండేలా అమర్చాను. కాపీ అయ్యాక దాని తీగ పీకేస్తాను.

మూడో ప్రతి క్లౌడులో పెట్టాలని మొదట అనుకున్నాను. సెకనుకు 100 మెగాబిట్ల అప్‌లోడ్ ఒక్క క్షణం కూడా తగ్గకుండా వచ్చినా 945 జీబీ ఎక్కడానికి ఇరవై ఒక్క గంటలు పడుతుంది. కాబట్టి క్లౌడుకు ప్రాజెక్టు ఫైళ్లు, పూర్తయిన సినిమా మాత్రమే వెళ్తాయి. ఫుటేజీ మూడో ప్రతి పాత డిస్కులలో తెనాలి వెళ్లి అమ్మ బీరువాలో పట్టుచీరల పక్కన ఉంటుంది. కరెంటు పోయినప్పుడు కాపీ సగంలో ఆగకుండా చిన్న యూపీఎస్, మే నెల ఎండలకు డిస్కుల ముందు ఒక ఫ్యాను, ఇవి కూడా ఈ ఖర్చులోనే రాసుకున్నాను.

డబ్బు ఖర్చుకాని నిర్ణయం ఒకటి మిగిలింది, ఎన్నాళ్లు దాచాలన్నది. సినిమా అప్పగించిన ఆరు నెలల తరువాత అసలు ఫుటేజీ చెరిపేస్తానని ఒప్పందంలో రాశాను. ఏడో నెలలో ఒక పెళ్లికూతురి తండ్రిగారు ఫోన్ చేశారు. చదివింపులు రాసుకున్న పుస్తకం ఇల్లు మారడంలో పోయిందట, ఎవరు ఎంత చదివించారో వీడియోలో విని మళ్లీ రాసుకుంటామన్నారు. నేను వారి సినిమాలో చదివింపులను నలభై సెకన్లకు కుదించి, మీద సన్నాయి వేశాను. అదృష్టవశాత్తు తెనాలి డిస్కును ఇంకా చెరపలేదు. ఆదివారం వెళ్లి తెచ్చి, రెండు గంటల ఆ భాగాన్ని చిన్న పరిమాణంలోకి మార్చి పెన్‌డ్రైవులో ఇచ్చాను. ఒప్పందంలో ఆరు నెలలను సంవత్సరంగా దిద్దాను, దానితో శ్రావణమాసానికి ముందే మరొక 12 టీబీ డిస్కు కొనవలసి వస్తోంది.