యుమెమి డ్యూటీ, నా డ్యూటీ

ప్రపంచం కూలిపోయిన తర్వాత ఏమవుతుందనే కథలకు జపాన్ యానిమేల్లో, అంటే అక్కడి కార్టూన్ చిత్రాల్లో, కొదవ లేదు. వాటిలో చాలా భాగం తుపాకులతో, తిండి కోసం కొట్లాటలతో నడుస్తాయి. ‘ప్లానెటేరియన్’ ఆ కోవలోది కాదు. ‘కీ’ అనే సంస్థ 2004లో కంప్యూటర్ తెర మీద చదువుకునే కథగా విడుదల చేసిన దీన్ని, 2016లో డేవిడ్ ప్రొడక్షన్ వారు ఐదు చిన్న భాగాల యానిమేగా తీశారు. యుద్ధంలో జనం వదిలేసి పోయిన ఒక నగరం, అక్కడ తెరిపి ఇవ్వని వాన, ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ పైభాగంలో పాడుబడిన ప్లానెటేరియం (ప్రొజెక్టర్‌తో నక్షత్రాలు చూపించే హాలు), అందులో దాదాపు 30 ఏళ్లుగా ప్రేక్షకుల కోసం ఎదురుచూస్తున్న హోషినో యుమెమి అనే రోబో. పాత ఊళ్లలో పనికొచ్చే సరుకు ఏరుకుని బతికే ఒక మనిషి, మర సైనికుల నుంచి తప్పించుకునే తొందరలో అక్కడికి చేరతాడు. ఆమె అతనికి వంగి నమస్కరించి, ప్రదర్శన చూడమని ఆహ్వానిస్తుంది. 25 లక్షలవ ప్రేక్షకుడికి ఇవ్వవలసిన పూలగుత్తిని, పూలు దొరకక తుక్కు సామానుతో కట్టి, ఆ సంఖ్యకు ఇంకా కాస్త దూరంలోనే ఉన్న అతని చేతిలో పెడుతుంది.

నేను హ్యోగో ప్రాంతంలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తున్నాను. 2021 జనవరిలో భారత్, జపాన్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం తర్వాత ‘తొకుతెయి గినో’ (నిర్దిష్ట నైపుణ్యం ఉన్న పనివాళ్లకు ఇచ్చే) వీసా మీద వచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ వీసా మీద మామూలుగా మొత్తం ఐదేళ్లకు మించి ఉండనివ్వరు, కుటుంబాన్ని తెచ్చుకోనివ్వరు. కేర్ వర్కర్ల జాతీయ పరీక్ష జపనీస్‌లో రాసి నెగ్గితే ఆ రెండు అడ్డంకులూ తొలగుతాయి. అందుకే మా గదుల్లో యానిమే చూడటమన్నది సగం కాలక్షేపం, సగం చదువు.

నాతోపాటు పనిచేసే మయన్మార్ అక్క ఈ యానిమే చూసి, యుమెమి అంటే మనమేనని తేల్చేసింది. పైపైన చూస్తే ఆమె మాట కాదనలేము. యుమెమి నోట వచ్చేదంతా డ్యూటీ భాషే: రండి, కూర్చోండి, కాళ్ల దగ్గర మెట్టు ఉంది జాగ్రత్త, అసౌకర్యానికి మన్నించండి. మేము నేర్చుకున్న జపనీస్ కూడా అదే తీరులో ఉంటుంది. మంచం మీంచి లేపేముందు చెప్పవలసిన మాటలూ, స్నానం నీళ్ల వేడి సరిపోయిందా అని అడిగే పద్ధతీ మాకు కంఠస్థమే కాని, కోపం వచ్చినప్పుడు ఏమనాలో, దిగులు పుడితే ఎవరితో ఎలా చెప్పుకోవాలో మాకు ఎవరూ నేర్పలేదు. ఏడాదికి ఏడు రోజులకు మాత్రమే సరిపోయే కరెంటుతో మేలుకుని, ఆ ఏడు రోజులూ పనిలోనే గడిపే యుమెమిలో అక్క తన సెలవుల పట్టికను చూసుకుందేమో కూడా.

అయినా నా లెక్క వేరు. ఆ కథలో మా పని చేస్తున్నది యుమెమి కాదు, ఆ తుక్కు ఏరుకునే మనిషి. మా అంతస్తులో ఒక అవ్వ ఉంది. ఒకప్పుడు కోబెలో బట్టల కొట్టు నడిపిందట. ఇప్పటికీ సాయంత్రం ఐదు దాటాక ఆమె భోజనాల గది కిటికీ దగ్గరికి వచ్చి, చివరి గిరాకీ వెళ్లిందా, షట్టర్ దించవచ్చా అని అడుగుతుంది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారి మాటను ఖండించకూడదన్నది మా శిక్షణలో మొదటి పాఠాల్లో ఒకటి. కొట్టు లేదని చెబితే ఆమెకు ఆ ఒక్క క్షణం తెలుస్తుంది, బాధపడుతుంది, మళ్లీ మరిచిపోతుంది. మిగిలేది బాధ ఒక్కటే. అందుకని మేము కిటికీ తెర దించుతాము, ఈ రోజు అమ్మకాలు బాగున్నాయా అని అడుగుతాము. ఆమె తెలివి ఒక్కోసారి మెరుస్తుంది, అప్పుడు తన తలకాయ కాస్త చెడిపోయిందని తానే నవ్వుతూ చెబుతుంది. యుమెమి కూడా తాను కొద్దిగా పాడైపోయానని అంతే మర్యాదగా, అంతే తేలికగా చెప్పుకుంటుంది. ఆమె ఊరు 30 ఏళ్ల కింద ఖాళీ అయిందని ఆ తుక్కు ఏరుకునే మనిషి మొదట్లో విసురుగా చెప్పి చూస్తాడు, ఆ మాట ఆమెలోకి వెళ్లదు. తర్వాత అతను వాదించడం మానేసి, చెడిపోయిన ప్రొజెక్టర్‌ను విప్పి బాగుచేయడానికి కూర్చుంటాడు. నా దృష్టిలో ఆ ఐదు భాగాల్లోనూ అసలైన ఘట్టం అదే. జాలి మాటలు ఒక్కటీ ఉండవు, స్క్రూలు విప్పడం మాత్రం చాలాసేపు ఉంటుంది.

మా కేంద్రంలో నిజమైన రోబో కూడా ఒకటి ఉంది, దాని పేరు పారో. తెల్లటి సీల్ పిల్ల ఆకారం, దాదాపు మూడు కిలోల బరువు, నిమిరితే కళ్లు మూసి కూస్తుంది. జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థలో షిబాతా తకనోరి దీన్ని తయారు చేశారు. దాని చార్జర్ చంటిపిల్లల నోట్లో పెట్టే పాలపీక ఆకారంలో ఉంటుంది. నోట్లో పెట్టి కరెంటుకు తగిలించాలి. మా అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే, “జీతమిచ్చి మరీ బొమ్మలాడిస్తన్నారేటే మీ చేత” అంది. పారో వచ్చాక మా పని తగ్గుతుందని పైవాళ్లు అన్నారు. తగ్గింది కొంచెమే. సీల్ పిల్ల అన్నం తిందా అని ఆ అవ్వ అడిగినప్పుడు, తిందని చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా. రోబో, ముసలామె, నేను, ముగ్గురం కలిస్తేనే అక్కడ తోడు అనేది ఏర్పడుతుంది.

ఈ యానిమే నచ్చినవాళ్లు చూడవలసిన చోటు అకాషి నగరంలో ఉంది. జపాన్ ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 135 డిగ్రీల తూర్పు రేఖ మీద 1960లో కట్టిన ఖగోళ విజ్ఞాన కేంద్రం అది. అప్పట్లో తూర్పు జర్మనీలో ఉన్న జేనా ఊరి కార్ల్ జైస్ కర్మాగారం నుంచి వచ్చిన ప్రొజెక్టర్ అక్కడ ఈనాటికీ పనిచేస్తోంది. యుమెమి కూడా తన యంత్రాన్ని ‘జేనా గారు’ అనే పిలుస్తుంది. 1995 జనవరి 17 నాటి భూకంపంలో ఆరువేలకు పైగా మనుషులు పోయారు, అకాషి భవనం దెబ్బతిన్నది, గోపురం మీది గడియారం 5:46 దగ్గర ఆగిపోయింది. ప్రొజెక్టర్ మాత్రం మిగిలింది. భవనం బాగుచేసి 1998లో మళ్లీ తెరిచారు. హాలు మధ్యలో నల్లగా, రెండు తలలతో నిలబడి ఉన్న ఆ యంత్రాన్ని చూస్తే, కథ రాసినవాళ్లు గాలిలోంచి ఏమీ పుట్టించలేదని అర్థమవుతుంది. అక్కడ వ్యాఖ్యానం రికార్డు చేసినది కాదు. ఒక ఉద్యోగి చీకట్లో కూర్చుని, ఆ రాత్రి ఆకాశంలో ఏముందో అప్పటికప్పుడు చెబుతారు.

యానిమేలో ప్రదర్శన మధ్యలో కరెంటు పోతుంది. నక్షత్రాలన్నీ ఆరిపోతాయి. అతను ఆపవద్దని, చెబుతూనే ఉండమని అడుగుతాడు. ఏమీ కనిపించని చీకట్లో ఆమె గొంతు ఒక్కటే నక్షత్రాల గురించి చెబుతూ పోతుంది. నైట్ డ్యూటీ చేసినవాళ్లకు ఈ దృశ్యం వివరించనక్కర్లేదు. రెండు గంటల వేళ మంచం సెన్సార్ మోగి వెళితే, ఆ ముసలివారికి కావలసింది నీళ్లూ కాదు, టాయిలెట్టూ కాదు, మాట. లైటు వేస్తే పక్కవారు లేస్తారు కనుక చీకట్లోనే మాట్లాడాలి. నా జపనీస్ అరిగిపోయేదాకా మాట్లాడి, తర్వాత తెలుగులో కొనసాగించిన రాత్రులు ఉన్నాయి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చివరలో దెబ్బతిని ఆగిపోబోతున్న యుమెమితో, ఆమెకు కొత్త కొలువు సిద్ధంగా ఉందని, తాను తీసుకువెళ్లడానికే వచ్చానని అతను చెబుతాడు. అది అబద్ధం. మా పనిలో అలాంటి అబద్ధం రోజుకు ఒకటైనా చెబుతాము కనుక నాకు ఆ చోట ఏడుపు రాలేదు, గౌరవం కలిగింది. 2016లోనే వచ్చిన తరువాయి సినిమాలో అతను ముసలివాడై, ఊరూరా నక్షత్రాలు చూపిస్తూ తిరుగుతాడు. అందులో అతన్ని మరీ మహాత్ముణ్ణి చేశారు. నాకు తుక్కు ఏరుకునేవాడే నచ్చాడు.

మయన్మార్ అక్క ఇదంతా విని ఒప్పుకోలేదు. అతనికి డ్యూటీ చార్టు లేదు, జీతం లేదు, ఎవరూ ఉండమనకపోయినా ఉన్నాడు, మనకు ఆ వీలు ఎక్కడిది అని అడిగింది. చార్టు అయిపోయిన తర్వాత కూడా నువ్వు షట్టర్ దించడానికి ఆగుతావు కదా అన్నాను. అది వేరే సంగతి అంది. ఈ జనవరిలో ఆమె పరీక్ష రాస్తోంది, నెగ్గితే భర్తనూ కొడుకునూ రప్పించుకుంటుంది. తరువాయి సినిమా పరీక్ష అయ్యాకే చూస్తానంది.