బెషే అని తెలిసిపోయింది

చేతులు రెండూ దోసెపిండిలో ఉన్నాయి, హాల్లో ఫోన్ ఏవో పాత జాజ్ రికార్డులు వరసగా వాయించుకుంటూ పోతోంది, ఉన్నట్టుండి ఒక సోప్రానో శాక్సఫోన్ లేచేసరికి నోట్లోంచి వచ్చేసింది, సిడ్నీ బెషే! చెయ్యి కడుక్కుని వెళ్ళి చూస్తే ఆయనే.

పట్టిచ్చింది ఆ వణుకు. స్వరాన్ని నిలబెట్టి దాన్ని వెడల్పుగా, వేగంగా ఊపుతాడు, పెళ్ళిలో నాదస్వరం పక్కనే కూర్చున్నట్టు ఒళ్ళు జలదరిస్తుంది.

అది 1925లో క్లారెన్స్ విలియమ్స్ బ్యాండ్ రికార్డు, అందులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్, అంటే ట్రంపెట్ లాంటి చిన్న బాకా, కూడా ఉంది. ఇద్దరూ న్యూ ఆర్లీన్స్ వాళ్ళే, ఒకరికొకరు తగ్గరు. మైకులు లేవు, శబ్దాన్ని పట్టే గొట్టం ముందు నిలబడి ఊదిన రికార్డు, నిండా గరగరే, అయినా ఎవరు ఎవరో తెలుస్తోంది చూడండి, అదే నాకు ఆశ్చర్యం.

ఆరు నెలల కింద నాకు ఇదంతా ఒకటే రొద. బిక్స్ బైడర్‌బెక్ కార్నెట్ గంట కొట్టినట్టు గుండ్రంగా ఉంటుందని చెవికి ఎక్కడానికే నెల పట్టింది.

క్లారినెట్ల దగ్గర ఇంకా తికమకే, జానీ డాడ్స్ ఎవరో జిమ్మీ నూన్ ఎవరో కళ్ళు మూసుకుని చెప్పలేకపోతున్నా. రేపట్నుంచి వాళ్ళిద్దరే.