పళ్లెం అంచు మీద లత

ఆదివారం, పొద్దున్నుంచీ వాన. ఆరేసిన బట్టలు ఆరలేదు, పనమ్మాయి రాలేదు, మధ్యాహ్నం పప్పు, వడియాలతో సరిపెట్టేశాం. అయినా రోజంతా హుషారుగానే ఉంది, ఎప్పట్నుంచో రంగులెయ్యాలనుకుంటున్న తెల్ల పింగాణీ పళ్లేన్ని ఇవాళ పట్టుకున్నాను కాబట్టి. చెల్లి గృహప్రవేశానికి ఇవ్వాలి. వెండి కుంది ఇద్దామన్నారు మా ఆయన, ధర చూసి ఆయనే మాట మార్చారు.

డిజైన్ కోసం ఫోన్లో వెతకలేదు. అమ్మ పుట్టిల్లు పెడన దగ్గర, తను తెచ్చుకున్న అద్దకం దుప్పటి ఒకటి ఇప్పటికీ బీరువాలో ఉంది. ఉతికి ఉతికి మెత్తబడింది కానీ ఆ ఇటుక ఎరుపు, ఆ నలుపు మాత్రం అలాగే ఉన్నాయి. దాని అంచు చుట్టూ ఒక లత పాకుతుంది, మెలిక మెలికకీ ఒక పువ్వు, పువ్వుకీ పువ్వుకీ మధ్య రెండు ఆకులు. అది చాలు నాకు. దుప్పటి మీది చిలకల జోలికి వెళ్లలేదు, చిలక ముక్కు కుదరకపోతే కాకిలా ఉంటుంది.

ముందు పళ్లేన్ని సర్జికల్ స్పిరిట్ పెట్టి తుడవాలి. కళ్లకి శుభ్రంగానే కనిపిస్తుంది గానీ వేలి జిడ్డు ఎక్కడున్నా అక్కడ రంగు పట్టదు, చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. తుడిచాక ఇక పైభాగం ముట్టుకోకూడదు, అంచు కింద పట్టుకునే తిప్పాలి. ఒక చిన్న స్టీలు గిన్నె బోర్లించి, దానిమీద తడిగుడ్డ వేసి, పైన పళ్లెం పెట్టుకున్నాను. జారదు, మెల్లగా తిప్పితే తిరుగుతుంది.

తర్వాత పళ్లెం చుట్టుకొలతకి గుండ్రంగా కాగితం కత్తిరించి, సగానికి మడిచి, మళ్లీ సగానికి, అలా నాలుగుసార్లు. విప్పితే 16 భాగాలు. ఆ మడతల ఎదురుగా పళ్లెం అంచు వెనకవైపు మైనపు పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. ముందువైపు పెడితే మైనం మీద రంగు నిలవదు. ఈ కొలతలు లేకుండా చేతి అంచనాతో మొదలుపెడితే మొదటి పువ్వు దగ్గరికి తిరిగొచ్చేసరికి అర పువ్వుకి మాత్రమే చోటు మిగులుతుంది. దుప్పటికి ఆ బాధ లేదు, మూల దగ్గర ఏదో ఒక గడి పెట్టి తప్పించుకుంటారు. గుండ్రటిదానికి మూల ఎక్కడ!

అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తోంది. చూస్తూ ఊరుకుంటే అమ్మ ఎలా అవుతుంది.

"అదేంటే, ఎవరైనా అంచు ముందేస్తారా? మధ్యలోంచి వెయ్యి, బయటికి రా."

ముగ్గు అలాగే వేస్తారు కదా, అమ్మకి అదే లెక్క. మధ్య చుక్కల వరసతో మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ పోతారు, వేసినదాన్ని తొక్కకుండా. పళ్లెం మీద తొక్కేది కాళ్లు కాదు, అరచెయ్యి. అంచు మీద సన్నగీత గీయాలంటే చెయ్యి పళ్లెం మధ్యలో ఆనాలి, అక్కడ ముందే పువ్వు వేసేస్తే అది కాస్తా మణికట్టుకి అంటుకుపోతుంది. కాబట్టి అంచు ముందు. చెప్పాను. "ఏమో, నీ ఇష్టం" అంది. అంటే ఒప్పుకోలేదని.

అసలు ఇవాళంతా నన్ను తికమక పెట్టింది ఈ ముందూవెనకే. పెడనలో గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, మొదట నల్లగీత అచ్చు వేస్తారు. ఆ నలుపు ఇనుప తుక్కు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లు, కరక్కాయ తగిలిన గుడ్డ మీద పడగానే నల్లబడి అతుక్కుపోతుంది. ఆ తర్వాతే మిగతా రంగులు. గుడ్డ తాగేస్తుంది కాబట్టి ముందు వేసిన గీత కదలదు. గ్లేజు, అంటే గాజులాంటి నున్నటి పూత, వేసిన పింగాణీ చుక్క కూడా తాగదు. నల్లగీత ముందు గీసి అందులో ఎరుపు నింపితే, ఎరుపులోని తడికి గీత కరిగి బ్రష్‌తో పాటు లేచొస్తుంది. అందుకని దుప్పటిని తిరగేసి చదువుకున్నట్టు చేశాను: ముందు ఎర్ర పువ్వులు గీతల్లేకుండా ముద్దలుగా, తర్వాత ఆకులు, అవి ఆరాక చివర్లో సన్నటి లైనర్ బ్రష్‌తో నలుపు. మధ్యాహ్నం దాకా ఆ పళ్లెం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. చుట్టూ ఎర్ర మచ్చలు, అంతే. నల్లగీత పడ్డాక ఒక్కసారిగా పువ్వులైపోయాయి.

జైపూర్ నీలి పింగాణీ వాళ్లు మాత్రం గీతే ముందు గీస్తారు, ఎందుకంటే వాళ్లది ఇంకా గ్లేజు వెయ్యని పళ్లెం. మామూలు కుమ్మరి మట్టి కూడా కాదది, క్వార్ట్జ్ (పలుగురాయి) పొడి, గాజుపొడి, కొంచెం ముల్తానీ మట్టి, జిగురు కలిపిన ముద్ద. కోబాల్ట్ ఆక్సైడ్‌తో గీస్తారు, గీసినప్పుడు నల్లగా మసకగా ఉంటుంది, గ్లేజు పోసి బట్టీలో కాల్చాకే నీలం బయటపడుతుంది. అంటే ఆ మనిషి కనబడని రంగుని మనసులో పెట్టుకుని వెయ్యాలి. మూలబడుతున్న ఆ పనిని మళ్లీ నిలబెట్టినవాళ్లలో కృపాల్ సింగ్ షెఖావత్ ముఖ్యుడు, శాంతినికేతన్‌లో బొమ్మలు నేర్చుకున్న చిత్రకారుడు, 1974లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల ధైర్యం నాకు లేదు. నా రంగుల్లో నాకున్న సుఖం ఒక్కటే, కాల్చేదాకా ఏదైనా చెరిపేయొచ్చు. తడి దూదిపుల్లతో తుడిస్తే పోతుంది, ఆరినదైతే పళ్లు కుట్టుకునే పుల్లతో గీకితే సన్నగా తెల్లగీత వస్తుంది. ఆకుల ఈనెలన్నీ అలా గీకినవే, బ్రష్‌తో వేసినవాటి కంటే ఇవే నాకు నచ్చాయి.

సాయంత్రం టీ టైంకి మా ఆయన వచ్చి చూసి, "ఇందులో ఇడ్లీ తినొచ్చా?" అన్నారు. తినకూడదు. ఇవి గ్లేజు పైన ఉండే రంగులు, ఇంటి ఓవెన్లో కాల్చేవి, చింతపండు పులుసూ నిమ్మకాయ పచ్చడీ వాటిమీద పోసి చూసే సరదా నాకు లేదు. పాత రంగుల పింగాణీలో సీసం ఉండేదనీ, పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుందనీ తెలిశాక ఎక్కడ అందమైన చేతిపని పళ్లెం కొన్నా గోడకి తగిలించడమే. మధ్యలో తెల్లగా వదిలేశాను, తాంబూలం పెట్టుకోవడానికి బాగుంటుంది. చెల్లికి ఫోన్ చేసి ఇదంతా చెప్పేద్దామనిపించింది గానీ ఆపుకున్నాను.

రంగు సీసా మీద 24 గంటలు ఆరాలని రాశారు, ఈ వానకి ఇంకో పూట ఎక్కువే ఉంచుతాను. చల్లటి ఓటీజీలోనే (మా చిన్న కరెంటు ఓవెన్) పెట్టి మెల్లగా వేడెక్కించాలి, 150 డిగ్రీలకి చేరాక 35 నిమిషాలు, తర్వాత తలుపు తెరవకుండా లోపలే చల్లారనివ్వాలి. తొందరపడి తీస్తే పింగాణీ చిట్లుతుంది. ఆ టెన్షన్ మంగళవారం పడతాను.

ఇంకో తెల్ల పళ్లెం మిగిలింది. దానిమీద మెలికల ముగ్గు తను వేస్తానంది అమ్మ. చదరపు చుక్కలు గుండ్రంలో ఎలా ఇముడుస్తావంటే, "నువ్వు చూస్తూ ఉండు" అంది. బ్రష్ ఇస్తే వద్దంది, అగ్గిపుల్ల కావాలట.