కనుమ రాత్రి నా గారెల భాగోతం

చేతులకు నూనె వాసన ఇంకా పోలేదు. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మాది కోవూరు, ఉద్యోగం చెన్నైలో. ఏటా సంక్రాంతికి ఇంటికొస్తే అమ్మ, వదిన, మా ఆవిడ మూడు రోజులూ పొయ్యి దగ్గరే. మేమేమో అరుగు మీద కబుర్లు. ఈసారి కనుమ రాత్రి వంట మొత్తం నాదేనని, ఆడవాళ్లెవరూ వంటింట్లోకి రావద్దని భోగి నాడే ప్రకటించేశాను. తొమ్మిది మందికి వండాలి. నా లెక్క ఏందంటే, చేపల పులుసు ముందు రోజు రాత్రే కాచి పెట్టేస్తే తెల్లారేసరికి పులుపూ కారమూ ముక్కకు పట్టి ఇంకా బాగుంటుంది. కనుమ నాడు అన్నం వండి నాలుగు గారెలు వేస్తే చాలు. మిగతా టైమంతా నేనూ కుర్చీలోనే.

కొరమీను కోసం నెల్లూరు పోయాను. బతికున్న చేపలు తూకం వేసి రెండు కిలోలన్నాడు. ఇంటికొచ్చి తూస్తే కిలోన్నర కూడా లేదు, సంచిలో తలకాయలు లేవు. ఫోన్ చేసి అడిగితే "మీరు కావాలనలేదు కదా సార్" అన్నాడు. తలకాయ లేని పులుసు ఏం పులుసు? చేప కోసేటప్పుడు పక్కనే నిలబడండి, నాలాగా సెల్లు చూసుకోవద్దు.

పెద్ద పండగ నాడు ఇంట్లోకి నీచు రానివ్వనని అమ్మ అంటే పెరట్లో కట్టెల పొయ్యి మీద సట్టి పెట్టాను. పులుసు కుదిరింది. గొప్ప కాదు గానీ, ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా సట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పడం, దించే ముందు వేయించిన మెంతుల పొడి చల్లడం మా అవ్వ దగ్గర నేర్చిన విద్య. పుల్ల మామిడికాయ ముక్కలు పడలేదన్నదొక్కటే లోటు. అది మామిడికాయల కాలమా మరి!

ఇక గారెలు. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఎంత నానితే అంత మెత్తగా నలుగుతుందనుకుని పులుసు దించగానే రాత్రి పది గంటలకే కిలో మినపగుళ్లు నానబోశాను. మర్నాడు సాయంత్రం నాలుగింటికి చూస్తే గిన్నెలో నురగ, పుల్లటి వాసన. సరేలే అనుకుని మిక్సీలో వేశాను. అది తిరగనని మొరాయించింది. గ్లాసు నీళ్లు పోశాను. హాయిగా తిరిగింది. అక్కడే మునిగాను.

తడి చేతిలో పిండి పెట్టుకుని బొక్క పెడితే అది పూడిపోతోంది. నూనెలో వేస్తే తోకలు తోకలుగా విచ్చుకుంటోంది. బియ్యప్పిండి కలిపాను. ఈసారి ఆకారం వచ్చింది గానీ బయట రాయి, లోపల పచ్చి. మా అన్న వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. హైదరాబాదు నుంచి మా బావ అడుగుతాడు, తేళ్లు వేయిస్తున్నావా అని. ఎనిమిది దాటింది, పిల్లలు ఆకలని గోల. వంటింటి గడప అవతల కుర్చీ వేసుకుని మేనత్త మాత్రం తీరిగ్గా చూస్తోంది.

"ఏందిరా అబ్బయ్యా, ఇయ్యి గారెలా, పుణుకులా?"

"నువ్వన్నా చెప్పొచ్చుగా అత్తా!"

"రావద్దన్నావు గదరా."

చివరికి నేనే బతిమాలుకుంటే లోపలికొచ్చింది. పిండి వేలితో తాకి నా వైపు చూసిన చూపు ఉందే, చిన్నప్పుడు లెక్కల్లో తప్పినప్పుడు కూడా అట్టా ఎవరూ చూడలేదు. మూడు నాలుగు గంటలు నానితే చాలంట. నీళ్లు పోయకూడదు, చేత్తో చిలకరించాలంట. ఉప్పు చివర్లో వేయాలి, ముందే వేస్తే పిండి జారుతుందంట. రుబ్బిన పిండిని చేత్తో బాగా గిలక్కొట్టి, చిటికెడు పిండి తీసి నీళ్లలో వేస్తే తేలాలంట. ఫోన్లో చూసిన ఏ వీడియోలోనూ ఇవన్నీ ఒక్కచోట చెప్పలేదు. అర నిమిషంలో గారెలంటూ ఊదరగొట్టే వాళ్లని మా వంటింట్లో నిలబెట్టాలి.

అత్త సగం పిండిలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, ఇంకాస్త బియ్యప్పిండి కలిపి నిజంగానే పుణుకులు వేసేసింది. అందరూ పులుసులో ముంచుకుని తిన్నారు. పులుసును మెచ్చుకున్న వాళ్లు పుణుకుల క్రెడిట్ మాత్రం అత్తకే ఇచ్చారు. వంటింటి గట్టు, నూనె మరకలు, పదమూడు గిన్నెలు నావంతు. పడుకునేసరికి పన్నెండు.

మిగిలిన పిండిలో బియ్యపు రవ్వ కలిపి అమ్మ ముక్కనుమ పొద్దున దిబ్బరొట్టె కాల్చింది. నాయన ముక్క తుంచి అడుగున మిగిలిన పులుసులో అద్దుకుంటూ, "వచ్చే ఏడు కూడా వీడినే వండమనండి, రొట్టె బాగుంది" అన్నాడు.